30×40 గ్లాసీ ప్రింటు అద్దానికి అంటుకుపోయింది. రెండోసారి ఎలా కట్టించాలి?

ఉప్పాడ అల · కాకినాడ · ఆగస్టు 3, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఏడాదిగా మీ పోస్టులు చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

ఉప్పాడలో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఉండేది. ఇప్పుడు అక్కడ సముద్రం ఉంది. ఆ తీరం ఎలా కోసుకుపోతోందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇల్లు పోవడానికి ముందు ఏడాది, తెల్లవారుజామున ఒక ఫోటో తీశాను. సగం కూలిన గోడ, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అమ్మమ్మ, వెనక లేస్తున్న అల. దాన్ని పోయిన ఏడాది 30×40 అంగుళాల గ్లాసీ ప్రింటు వేయించాను. నీటి మీద ఆ మెరుపు చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఒక షాపులో పటం కట్టించాను. 6 మి.మీ. ఎండీఎఫ్ చెక్క మీద జిగురు రాసి ప్రింటు అతికించారు, దాని మీద నేరుగా అద్దం పెట్టి బీడింగు కొట్టారు. మొదటి నెలలోనే పక్కనుంచి చూస్తే ప్రింటు నారింజ తొక్కలా సన్నటి గుంటలతో కనిపించడం మొదలైంది. ఈ జూలై వానలకి ఆకాశం ఉన్న చోట అరచెయ్యంత మచ్చ వచ్చింది. అక్కడ తడి ఉన్నట్టు కనిపిస్తోంది. చూస్తే ప్రింటు అద్దానికి అంటుకుని ఉంది.

నాకు కావలసినవి రెండు. ఈ ప్రింటుని అద్దం నుంచి విడదీయొచ్చా? ఫైలు నా దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ ప్రింటు వేయిస్తాను. దాన్ని ఎలా కట్టిస్తే మా కాకినాడ గాలిలో నిలబడుతుంది?

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · ఆగస్టు 3, రాత్రి 10:05

బాబూ, ముందు ఆ అద్దాన్ని లాగొద్దు. ఒక మూల కొంచెం ఎత్తి చూద్దామని కూడా అనుకోవద్దు. అంటుకున్న చోట బొమ్మ పొర అద్దంతో వచ్చేస్తుంది, కాగితం తెల్లగా మిగులుతుంది.

ఎందుకు అంటుకుందో చెప్తాను. నేను 1970ల్లో డార్క్‌రూమ్‌లో పని నేర్చుకున్నాను. అప్పట్లో గ్లాసీ ప్రింటు అంటే ల్యాబ్ నుంచి మెరుస్తూ వచ్చేది కాదు, ఆ మెరుపు మేమే తెప్పించేవాళ్లం. కడిగిన ప్రింటుని తడి మీదే క్రోమియం పూత ఉన్న గ్లేజింగ్ ప్లేటు మీద బోర్లా పరిచి, రబ్బరు రోలరుతో నీళ్లు పిండి, వేడి చేసేవాళ్లం. ఆరాక చిటపటమని శబ్దం చేస్తూ దానంతట అదే ఊడి వచ్చేది. ప్రింటు పైన ఉండే జిగురులాంటి పొర జెలటిన్. తడిసినప్పుడు అది తను ఆనుకున్న వస్తువు నునుపునంతా తనలోకి తెచ్చుకుంటుంది, అదే గ్లేజింగ్.

మీ పటంలో జరిగింది కూడా అదే. కెమికల్ (ల్యాబ్‌లో రసాయనాలతో కడిగే) ప్రింటు పైపొర ఇప్పటికీ జెలటినే. గాలిలో తేమ బాగా పెరిగితే అది ఉబ్బి జిగటగా అవుతుంది. మీ అద్దమే గ్లేజింగ్ ప్లేటు అయింది. కాకపోతే మా ప్లేటుకి వేడి ఉండేది, పైన గాలి ఆడేది. అద్దానికీ ఎండీఎఫ్‌కీ మధ్య ఇరుక్కున్న తడి ఎటూ పోలేదు.

పెద్ద ప్రింటు ముందు భాగాన్ని ఏదీ తాకకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే.

కాగితపు పడవ · హైదరాబాద్ · ఆగస్టు 3, రాత్రి 10:48

నేను పాత కాగితాలు, ఫోటోల పరిరక్షణ పని చేస్తాను. వెండి ఉప్పు గారు చెప్పింది అక్షరాలా నిజం.

ఉప్పాడ అల గారూ, అది కెమికల్ ప్రింటా, ఇంక్‌జెట్టా? భూతద్దం పెట్టి చూడండి. సన్నటి రంగు చుక్కలు కనిపిస్తే ఇంక్‌జెట్. చుక్కల్లేకుండా రంగు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటే కెమికల్.

నీళ్లలో నానబెడితే వదులుతుందని కొందరు చెప్తారు. కొన్ని కెమికల్ ప్రింట్లకి అది పనిచేస్తుంది కూడా. కానీ మీది ఎండీఎఫ్‌కి అతికించి ఉంది. నీళ్లు తగిలితే ముందు ఆ చెక్క ఉబ్బుతుంది. ఫైలు ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకు? అద్దంతో సహా అలాగే ఉంచండి. ఫైలు, నెగటివ్ ఏదీ లేని వాళ్లకి ఇలా అయితే మేం చెప్పే మొదటి మాట కూడా ఇదే. విడదీయకుండా, అద్దం మీదుగానే మంచి కెమెరాతో కాపీ తీయించండి.

ఉప్పాడ అల · కాకినాడ · ఆగస్టు 4, ఉదయం 7:30

కెమికల్ ప్రింటే అండీ. చుక్కలు లేవు. సరే, లాగను.

మరి అతికించకుండా కట్టొచ్చా? మూలల్లో పట్టించి, వెనకాల బోర్డు పెట్టి?

కాగితపు పడవ · హైదరాబాద్ · ఆగస్టు 4, ఉదయం 8:15

చిన్న ప్రింటు అయితే నేను అదే చెప్పేదాన్ని. జపాన్ కాగితం, గోధుమ గంజిపొడి జిగురుతో పైన రెండు పట్టీలు వేసి వేలాడదీస్తాం, లేదా నాలుగు మూలలకీ కాగితం తొడుగులు పెడతాం. ఎప్పుడు కావాలన్నా బయటికి తీయొచ్చు.

కానీ 30×40 గ్లాసీ వేరు. ఈ ప్రింటు ఆర్‌సీ పేపరు. అంటే కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పూత ఉంటుంది. తేమ మారినప్పుడల్లా మధ్యలో కాగితం ఒకలా, పైపొర ఇంకోలా కదులుతాయి. ఆ సైజులో పట్టీల మీద వేలాడదీస్తే అలలు తేలడం దాదాపు ఖాయం. మ్యాట్ పేపరు అయితే ఆ అలలు కంటికి పెద్దగా ఆనవు. గ్లాసీకి కిటికీ వెలుతురు పడగానే ఒక్కో అలా విడిగా కనిపిస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. ఫైలు ఉండి మళ్లీ వేయించుకోగలిగిన పెద్ద ప్రింటుని గట్టి బోర్డుకి పూర్తిగా అతికించండి. మళ్లీ దొరకని పాత ప్రింటుని ఎంత పెద్దదైనా అతికించకండి, అలలున్నా భరించండి. నా వృత్తిలో ఈ తేడా చాలా ముఖ్యం.

పటాల వీధి · రాజమండ్రి · ఆగస్టు 4, మధ్యాహ్నం 1:20

మాది పటాలు కట్టే షాపు. నాన్నగారి తర్వాత నేను చూసుకుంటున్నాను. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

మా దగ్గరికి వచ్చే వందమందిలో ఎక్కువమంది దేవుడి పటాలకి, పెళ్లి ఫోటోలకి, పోయినవాళ్ల ఫోటోలకి వస్తారు. అద్దం నేరుగా పెట్టేది అలవాటు కొద్దీ. దేవుడి పటాలు ఆఫ్‌సెట్ కాగితం, దానికి జెలటిన్ లేదు, అంటుకోదు. అదే పద్ధతి ఫోటోకి కూడా చేసేస్తున్నారు. ఎవరూ చెడగొట్టాలని చేయరు.

జిగురు గురించి. ఆర్‌సీ పేపరు వెనక ప్లాస్టిక్కే కాబట్టి ఫెవికాల్ లాంటి నీళ్ల జిగురులో తేమ అటు పోదు. ఎండీఎఫ్ వైపే పీల్చుకుంటుంది. చెక్క పీచు ఉబ్బుతుంది, జిగురు ఒక చోట మందంగా ఒక చోట పలచగా ఆరుతుంది. మీరు చూసిన నారింజ తొక్క అదే. రబ్బరు సొల్యూషన్ ఇంకా ప్రమాదం. కొన్నేళ్లకి పసుపు మరకలు ముందుకి వస్తాయి. ఫోమ్ డబుల్ టేపు వేస్తే టేపు ఉన్న చోటల్లా గట్టు తేలుతుంది. ఈ మూడూ నేను మా షాపులో చూసినవే.

పెద్ద గ్లాసీకి మేమూ ఇప్పుడు ఏసీపీ మీదే చేయిస్తున్నాం.

నల్లరేగడి · గుంటూరు · ఆగస్టు 4, సాయంత్రం 6:02

ఏసీపీ అన్నారు కాబట్టి నేను దిగుతున్నాను. మాది సైన్‌బోర్డుల పని.

ఏసీపీ అంటే రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిన్. షాపుల ముందు భాగాలకి బిగించేది అదే. 8×4 అడుగుల షీటు వస్తుంది. మీకు 3 మి.మీ. చాలు. రేకు మందం అడిగి తీసుకోండి అన్నా. చవక రకంలో రేకు బాగా పలచగా ఉంటుంది, వేలితో నొక్కినా సొట్ట పడుతుంది. ఆ సొట్ట మీద గ్లాసీ పెడితే జన్మలో దాగదు. 0.3 మి.మీ. రేకు ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఆ రకం చదరపు మీటరుకి 3.8 కిలోలు ఉంటుంది, అంటే మీ సైజుకి సుమారు 3 కిలోలు.

సన్‌బోర్డు జోలికి వెళ్లొద్దు. తేలిగ్గా ఉంటుంది, కోయడం సులువు, కానీ అది పీవీసీ. ఎండ పడే గోడ మీద విల్లులా వంగుతుంది.

అతికించడం కోల్డ్ మౌంటింగ్ పద్ధతిలో. రెండు వైపులా జిగురున్న ఫిల్ము రోలు వస్తుంది. ల్యామినేషన్ మెషీన్ రోలర్ల మధ్య నడిపించాలి. వేడి అక్కర్లేదు.

దూరపు కొండలు · డల్లాస్ · ఆగస్టు 4, రాత్రి 11:40

ఇక్కడ వేడి పద్ధతి, డ్రై మౌంటింగ్, ఇప్పటికీ ఉంది. ప్రింటుకీ బోర్డుకీ మధ్య టిష్యూ పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. ఆర్‌సీ పేపరు అయితే 80 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. అంతకంటే బాగా ఎక్కువైతే పాలిథిన్ మెత్తబడి మెరుపు పోతుంది. ఇస్త్రీ పెట్టెతో ప్రయత్నించిన స్నేహితుడి ప్రింటు నా కళ్లముందే పాడైంది. గ్లాసీకి కోల్డ్ పద్ధతే మేలని నా నమ్మకం.

ఇంకొక విషయం. అద్దానికీ ప్రింటుకీ మధ్య ఖాళీ కోసం మామూలుగా మౌంట్ బోర్డు కిటికీ, అంటే మధ్యలో కోసిన అట్ట చట్రం, వాడతాం కదా, 30×40 దగ్గర అది ఇబ్బంది పెడుతుంది. మామూలు మౌంట్ బోర్డు షీటు 32×40 అంగుళాలు. చుట్టూ 4 అంగుళాలు వదలాలంటే 38×48 కావాలి. ఇక్కడ 40×60 షీటు దొరుకుతుంది. అక్కడ దొరక్కపోతే అతుకులు వేయకండి, మూలల్లో అతుకు కనిపిస్తుంది. మౌంట్ మానేసి స్పేసర్లు పెట్టుకోండి. పటం బీడింగు గాడిలో దాక్కునే సన్నటి యాక్రిలిక్ (అద్దంలాంటి గట్టి ప్లాస్టిక్) పట్టీలు.

సంపెంగ · విశాఖపట్నం · ఆగస్టు 5, ఉదయం 10:10

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెళ్లి ఫోటో 24×36 గ్లాసీ వేయించాం. స్టూడియో వాళ్లు అద్దం లేకుండా ల్యామినేషన్ చేసి చెక్క మీద నొక్కి ఇస్తామంటున్నారు. మాది బీచ్‌కి దగ్గర, ఇంట్లో మూడేళ్ల పాప. అది మంచిదేనా?

పటాల వీధి · రాజమండ్రి · ఆగస్టు 5, ఉదయం 11:25

మీ ఇంటికి అదే సరైనదమ్మా. అద్దం పగిలే భయం లేదు, పాప చేతులు తగిలినా తడి బట్టతో తుడుచుకోవచ్చు, సముద్రపు గాలికి అంటుకునే గొడవ లేదు. గ్లాసీ ఫిల్ము అడగండి. గరుకు ఫిల్ము వేస్తే మీరు గ్లాసీ వేయించిన ఫలితం పోతుంది. చెక్క అంచులు నాలుగు వైపులా సీల్ చేయించుకోండి.

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · ఆగస్టు 5, మధ్యాహ్నం 12:40

నేను ల్యామినేషన్‌కి ఒప్పుకోను. ఒకసారి ఫిల్ము వేశాక మళ్లీ తీయడం ఉండదు. అంచు దగ్గర ఫిల్ము లేచిందంటే బొమ్మని పట్టుకునే లేస్తుంది. నా కళ్లతో చూసిన ఫోటోలు ఎన్నో ఉన్నాయి.

పటాల వీధి · రాజమండ్రి · ఆగస్టు 5, మధ్యాహ్నం 1:05

సార్, మీరు చెప్పింది కాదనను. కానీ వాళ్లకి ఫైలు ఉంది. పాప పెద్దయ్యాక మళ్లీ వేయించుకుని అద్దంతో కట్టించుకుంటారు. అప్పటిదాకా ఆ ఫోటో బీరువా వెనక కాకుండా హాల్లో ఉండాలి కదా.

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · ఆగస్టు 5, మధ్యాహ్నం 1:31

అది న్యాయమే. అమ్మా, ల్యామినేషన్ చేయించుకోండి. దాంతోపాటు ఒక చిన్న ప్రింటు ఏమీ అతికించకుండా పెట్టెలో దాచండి.

సంపెంగ · విశాఖపట్నం · ఆగస్టు 5, మధ్యాహ్నం 2:15

రెండూ చేస్తాం. చాలా థాంక్స్ అండీ.

ఉప్పాడ అల · కాకినాడ · ఆగస్టు 6, రాత్రి 9:50

అద్దమా, యాక్రిలిక్కా? ఇంకో సందేహం కూడా ఉంది. అద్దం వెనక ఎలాగూ ఉంటుంది కాబట్టి గ్లాసీ ఎందుకు, కొంచెం గరుకుగా ఉండే లస్టర్ పేపరు చాలు అని ల్యాబ్ వాళ్లు అంటున్నారు. అది నిజమేనా?

దూరపు కొండలు · డల్లాస్ · ఆగస్టు 7, ఉదయం 6:20

లెక్క వేసి చెప్తాను. 30×40 అంటే 0.77 చదరపు మీటరు. 4 మి.మీ. అద్దం చదరపు మీటరుకి 10 కిలోలు, మీకు 7.7 కిలోలు అవుతుంది. 3 మి.మీ. యాక్రిలిక్ 2.8 కిలోలు. పైగా మామూలు అద్దంలో ఇనుము వల్ల పచ్చ ఛాయ ఉంటుంది. మీ అల తెల్లటి నురగ మీద అది తెలుస్తుంది.

యాక్రిలిక్‌తో జాగ్రత్తలు కూడా ఉన్నాయి. గీతలు తొందరగా పడతాయి. స్టాటిక్ (రుద్దితే పుట్టే విద్యుత్తు) వల్ల దుమ్ముని లాగుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తో తుడిస్తే పాడవుతుంది. వేడికి అద్దం కంటే ఎన్నో రెట్లు సాగుతుంది. మీటరు షీటు 20 డిగ్రీల తేడాకి సుమారు 1.4 మి.మీ. పెరుగుతుంది. గాడిలో బిగుతుగా ఇరికిస్తే మే నెలలో బయటికి ఉబ్బుతుంది. కొలతకి 3 మి.మీ. తక్కువ కోయించండి.

మెరుపు సంగతి. యాక్రిలిక్ అయినా అద్దమైనా మామూలు రకం తన మీద పడ్డ వెలుతురులో సుమారు 8 శాతం తిప్పికొడుతుంది. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉన్నది దాన్ని 2 లోపలికి దించుతుంది, కానీ చాలా ఖరీదు. గరుకు చేసిన నాన్ గ్లేర్ అద్దం మాత్రం వద్దు. అది ప్రింటుకి ఆనుకుని ఉంటేనే స్పష్టంగా కనిపిస్తుంది, ఖాళీ వదిలితే బొమ్మ మసకబారుతుంది. మీకు ఆ ఖాళీ తప్పనిసరి.

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · ఆగస్టు 7, ఉదయం 9:00

లస్టర్ గురించి నేను చెప్తాను. ఒకే ఫోటోని రెండు కాగితాల మీద వేయించి పక్కపక్కన పెట్టి చూడండి. గరుకు కాగితం వెలుతురుని అన్ని వైపులా చిమ్ముతుంది, అందుకని నలుపు మీద ఎప్పుడూ సన్నటి బూడిద పొర ఉన్నట్టు ఉంటుంది. గ్లాసీ ఆ వెలుతురునంతా ఒకే వైపు పంపేస్తుంది. మీరు ఆ వైపు నిలబడనంతవరకు నలుపు బావిలా లోతుగా ఉంటుంది. ముఖాల ఫోటోకి, దగ్గర నుంచి చూసేదానికి లస్టర్ మంచిదే. మీ ఫోటోలో ఉన్నది నీళ్లు, తడి ఇసుక. గ్లాసీ వదలకండి.

ఒక పాత సంగతి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ కాలంలో ప్రింట్లు ఆల్బుమిన్ కాగితం మీద వేసేవారు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం అది. సన్నటి మెరుపు దాని సొంతం. కానీ కాగితం మరీ పలచన, వదిలేస్తే చాపలా చుట్టుకుపోతుంది. అందుకే వాటిని అట్టకి అతికించేవారు. మెరిసే ప్రింటుకి వెనక గట్టి ఆసరా కావాలన్న సంగతి మన హైదరాబాద్‌లో నూట ముప్పై ఏళ్ల కిందటే తెలుసు.

కాగితపు పడవ · హైదరాబాద్ · ఆగస్టు 7, మధ్యాహ్నం 12:10

ఆ అట్టలే ఇప్పుడు మాకు తలనొప్పి సార్. ఆ కాలపు అట్టలో చాలావాటికి ఆమ్లం ఉంటుంది, ఫోటో అంచులు పసుపెక్కుతాయి. ఎండీఎఫ్, ప్లైవుడ్ కూడా అంతే, వాటి నుంచి ఆమ్లాల ఆవిరి వస్తూనే ఉంటుంది. ఏసీపీలో అల్యూమినియం రేకు దాన్ని అడ్డుకుంటుంది. కొనే బోర్డులు, ఫిల్ముల మీద ఐఎస్ఓ 18916 పరీక్ష పాసైందని రాసి ఉంటే అది ఫోటోకి హాని చేయదని అర్థం. దొరికితే అదే కొనండి.

నల్లరేగడి · గుంటూరు · ఆగస్టు 7, రాత్రి 8:44

ప్రింటుని నేరుగా యాక్రిలిక్ వెనకే అతికించేస్తారట కదా, విదేశాల్లో గ్యాలరీల్లో? మా దగ్గర ఇంటీరియర్ వాళ్లు అడుగుతున్నారు.

దూరపు కొండలు · డల్లాస్ · ఆగస్టు 8, ఉదయం 6:45

అవును, దాన్ని డయాసెక్ అంటారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన పద్ధతి. ద్రవ సిలికాన్‌తో ప్రింటు ముఖాన్ని యాక్రిలిక్‌కి శాశ్వతంగా కలిపేస్తారు. మధ్యలో గాలి ఉండదు కాబట్టి ప్రింటు పైన వచ్చే ప్రతిబింబం పోయి రంగులు నీళ్లలో తడిసినట్టు కనిపిస్తాయి. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ పెద్ద ప్రింట్లకి ఇదే వాడారు. ఆయన రైన్ నది ఫోటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. అదీ యాక్రిలిక్‌కి అతికించినదే.

కానీ యాక్రిలిక్ మీద గీత పడితే ఇక ఆ ఫోటో మీద పడ్డట్టే, విడదీయడం కుదరదు. ఒక్క దుమ్ము రేణువు ఇరుక్కుంటే వెండి చుక్కలా మెరుస్తూ ఉంటుంది. రెండు వైపులా జిగురున్న పారదర్శక ఫిల్ముతో చేసేవాళ్లున్నారు. చేయి తిరిగినవాళ్లు దొరికితేనే ఒప్పుకోవాలి.

ఉప్పాడ అల · కాకినాడ · ఆగస్టు 8, రాత్రి 9:15

నాకు అంత వద్దు. ఏసీపీ, పైన 6 మి.మీ. ఖాళీ, యాక్రిలిక్. గ్లాసీయే వేయిస్తున్నాను. పటాల వీధి గారూ, రాజమండ్రి తెచ్చుకుంటే మీరు కట్టి పెడతారా?

పటాల వీధి · రాజమండ్రి · ఆగస్టు 8, రాత్రి 9:40

తప్పకుండా రండి. ముందు గాడి లెక్క చూసుకుందాం. యాక్రిలిక్ 3, స్పేసరు 6, ఏసీపీ 3, వెనక షీటు 3. మొత్తం 15 మి.మీ. పిన్ను కొట్టడానికి ఇంకో 3 కావాలి. సింథటిక్ బీడింగులో 18 మి.మీ. లోతు గాడి నా దగ్గర లేదు. టేకు బీడింగు చేయిస్తాను, వారం పడుతుంది. ప్రింటు చుట్టూ తెల్ల అంచు అర అంగుళం వదలమని ల్యాబ్‌కి చెప్పండి. స్పేసరు దాని మీద కూర్చుంటుంది, బొమ్మ మీద కాదు.

నల్లరేగడి · గుంటూరు · ఆగస్టు 9, ఉదయం 7:05

అన్నా, అతికించే రోజు కోసం రాస్తున్నాను, మా కుర్రాళ్లకి చెప్పే మాటలే.

ముందు రోజు ప్రింటు చుట్ట విప్పి గదిలో శుభ్రమైన కాగితం మీద పరచండి, పైన ఇంకో కాగితం. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. ఒక్కరే ఒక చేత్తో పట్టుకుంటే చేయి పక్కనే చంద్రవంకలా మడత పడుతుంది. అది ఇక పోదు. నూలు గ్లౌజులు వేసుకోండి.

ఫ్యాను ఆపేయండి. గదిలో నేలంతా తడిగుడ్డ పెట్టండి, ఇంటి ముందు కళ్లాపి చల్లితే దుమ్ము అణిగినట్టే ఇక్కడా అణుగుతుంది. దుమ్ము రేణువు ఒక్కటి లోపల పడితే గ్లాసీ మీద మొటిమలా లేస్తుంది.

ఏసీపీ మీద ఉన్న ప్రొటెక్షన్ ఫిల్ము చివరి నిమిషంలో తీయండి. జిగురు ఫిల్ము మీద కాగితం ఒక్కసారిగా లాగొద్దు. రెండు అంగుళాలు మాత్రం మడిచి, ప్రింటు అంచు నిటారుగా పెట్టి, అది పట్టాక రోలర్లలోకి పంపుతూ లోపల కాగితం కొంచెం కొంచెంగా లాగాలి. మధ్యలో ఆపితే అక్కడ అడ్డగీత వస్తుంది. మొదట పనికిరాని ప్రింటుతో ఒకసారి చేసి చూడండి. అయ్యాక ఒక రోజంతా కదపొద్దు, జిగురు పూర్తిగా పట్టడానికి ఆ టైము కావాలి.

పరీక్ష ఒక్కటే. ట్యూబ్‌లైటు కింద ప్రింటుని పట్టుకుని ఆ గీత ప్రతిబింబం చూడండి. గీత వంకర పోతే కింద ఏదో ఉంది.

ఉప్పాడ అల · కాకినాడ · సెప్టెంబరు 14, రాత్రి 10:30

నిన్న రాజమండ్రిలో పని అయింది. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

పటాల వీధి గారికి తెలిసిన ఒక ఫ్లెక్సు షాపులో రోలరు మెషీన్ ఉంది. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు వాళ్లు మాకోసం తెరిచారు. నేను ల్యాబ్‌లో రంగు తేడా వచ్చి పక్కన పడేసిన 20×30 ప్రింటు ఒకటి అడిగి తీసుకెళ్లాను. మొదట దాన్ని అతికించాం. అచ్చంగా బాగానే వచ్చిందనుకున్నాం. ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే మధ్యలో రెండు చోట్ల గీత చిన్నగా వణికింది. గోరుతో తడిమితే ఇసుక రేణువంత మొటిమలు. ఏసీపీ కోసినప్పుడు వచ్చిన సన్నటి అల్యూమినియం పొడి ఫిల్ము తీయగానే స్టాటిక్‌కి మీదికి ఎక్కింది. కోతకి పక్క గది వాడి, అంచులన్నీ తడి బట్టతో తుడిచి, ఆరాక తెచ్చుకోవాలని అప్పుడు తెలిసింది. నల్లరేగడి అన్నా, మీరు ముందు పనికిరాని ప్రింటుతో చేయమనకపోతే అది అమ్మమ్మ ముఖం మీద జరిగేది.

రెండోసారి అంచులు కడిగి, నేల తుడిచి, అరగంట ఆగాం. అసలు ప్రింటు పెట్టాం. రోలర్లు తిరుగుతున్నంతసేపూ నాకు టెన్షన్. గోడ వచ్చింది, కుర్చీ వచ్చింది, అల వచ్చింది. ట్యూబ్‌లైటు గీత ఈ చివర నుంచి ఆ చివరికి తాడు కట్టినట్టు తిన్నగా ఉంది.

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · సెప్టెంబరు 14, రాత్రి 10:52

శభాష్ బాబూ. ఇప్పుడు ఏ గోడకి పెడుతున్నారు?

ఉప్పాడ అల · కాకినాడ · సెప్టెంబరు 15, ఉదయం 7:10

హాల్లో కిటికీకి ఎదురు గోడ అనుకున్నాం సార్.

వెండి ఉప్పు · సికింద్రాబాద్ · సెప్టెంబరు 15, ఉదయం 7:42

ఎదురు గోడ వద్దు. పగలంతా కిటికీయే కనిపిస్తుంది, అమ్మమ్మ కనిపించదు. కిటికీ ఉన్న గోడకి పక్క గోడ ఎంచుకోండి. నేరుగా ఎండ పడకూడదు. అది వాన తడిసే బయటి గోడ కూడా కాకూడదు.

పటాల వీధి · రాజమండ్రి · సెప్టెంబరు 15, ఉదయం 9:30

వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అతికించి పంపాను, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. తీసేయకండి. ఒక మేకుకి వేలాడదీయొద్దు. రెండు డీ రింగులున్నాయి, రెండు హుక్కులు కొట్టండి. ఇటుక గోడ అయితే డ్రిల్ చేసి ప్లగ్గు వేస్తే చాలు. తెల్లటి తేలిక బ్లాకుల గోడ అయితే వాటికి వేరే ప్లగ్గులుంటాయి, మామూలువి ఊడి వస్తాయి.

నల్లరేగడి · గుంటూరు · సెప్టెంబరు 15, రాత్రి 8:15

అన్నా, పాత ప్రింటు ఏం చేశారు? అద్దంతోనే ఉందా?

ఉప్పాడ అల · కాకినాడ · నవంబరు 20, రాత్రి 9:05

ఆలస్యంగా రాస్తున్నాను. వానలు పూర్తిగా చూశాకే చెప్పాలని ఆగాను.

పక్క గోడకే పెట్టాం సార్. అక్టోబరు వానల్లో వారం రోజులు ఇంట్లో ఉప్పు నీరుకారింది. పటంలో ఏ తేడా లేదు. పక్కనుంచి టార్చి వేసి చూశాను. యాక్రిలిక్‌కీ ప్రింటుకీ మధ్య ఖాళీ అలాగే ఉంది, ఎక్కడా ఆనలేదు.

పాత ప్రింటు అద్దంతోనే ఉంది. ఎండీఎఫ్‌తో సహా దుప్పటిలో చుట్టి మేడ మీద గదిలో నిలబెట్టాను. అమ్మ పారేయనివ్వలేదు. మచ్చ ఆకాశం మీదే ఉంది, అమ్మమ్మ దాకా రాలేదు అంటుంది.

యాక్రిలిక్ మీద దుమ్ము బాగా పడుతోంది. పొడి బట్టతో తుడిస్తే ఇంకా లాగుతోంది. దేనితో తుడవాలి?

దూరపు కొండలు · డల్లాస్ · నవంబరు 21, ఉదయం 6:30

పొడి బట్ట వద్దు, రుద్దేకొద్దీ స్టాటిక్ పెరుగుతుంది, గీతలు కూడా పడతాయి. మైక్రోఫైబర్ బట్ట నీళ్లలో తడిపి గట్టిగా పిండి, ఒకే వైపు మెల్లగా తుడవండి. మరక ఉంటే ఒక్క చుక్క గిన్నెల సబ్బు చాలు. నీళ్లు నేరుగా పటం మీద చల్లొద్దు, కింద గాడిలోకి దిగుతాయి.